కుర్చీలు వేశారు, కూర్చునేవాళ్లను తయారుచేయండి

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి,
ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యామండలి.

విషయం: పనిచేసేచోట సమానత్వం, వైవిధ్యం అనే అంశంపై రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో తెలుగులోనూ చదువుకోగలిగే పీజీ కోర్సు ప్రారంభించాలని వినతి.

ఆర్యా,

మేము ఉత్తరాంధ్ర జిల్లాల్లో ఫ్యాక్టరీలు, ఆస్పత్రులు, బట్టల షోరూములు, కాలేజీల్లో లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీల్లో బయటి సభ్యులుగా కూర్చునేవాళ్లం. మాలో హెచ్‌.ఆర్‌. ఉద్యోగులున్నారు, ఇద్దరు యూనియన్ నాయకురాళ్లున్నారు, కార్మిక శాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నారు, వికలాంగుల సంఘంలో తిరిగే కుర్రాడొకడున్నాడు. అందరం కలిసినా ముప్పై మందికి మించం. చదువులు వేరు, రాజకీయాలు అంతకన్నా వేరు. మమ్మల్ని ఒకచోట చేర్చింది ఒక్కటే: మేము చేస్తున్న పనికి కావలసిన చదువు మాలో ఒక్కరం కూడా చదవలేదు. చదువుదామని వెతికితే మాకు దొరికినవి రెండు రోజుల శిక్షణలు, ఫోన్‌లో వీడియోలు చూసి బటన్లు నొక్కితే వచ్చే సర్టిఫికెట్లు.

చదువు లేకపోతే ఏమవుతుందో ఒక్క సంగతి చెబుతాను. ఇది ఈ వినతి రాస్తున్న నా తప్పే కాబట్టి దాచుకోవలసిన పని లేదు.

నాలుగేళ్ల కిందటి మాట. ఒక రొయ్యల ఫ్యాక్టరీలో తలలు తీసే సెక్షన్‌లో పనిచేసే అమ్మాయి కమిటీకి ఫిర్యాదు రాసిచ్చింది. రూళ్ల కాగితం మీద రెండువైపులా రాసింది. ఐసు తడికి కింది మూల ఇంకు అలుక్కుపోయింది. ‘సూపర్‌వైజరు నా జోలికొచ్చాడు, కాదన్నానని రెండ్రోజులు కోల్డ్ స్టోరేజీ పనిలో వేశాడు’ అన్నది అందులో అసలు మాట. కమిటీ ఫారం ఇంగ్లీషులో ఉంది. ఆఫీసు కుర్రాడు పాపం ఉన్నంతలో ఇంగ్లీషు చేశాడు. ‘జోలికొచ్చాడు’ అన్నచోట ‘డిస్టర్బ్ చేశాడు’ అని పడింది. పనిలో ఉన్నవాళ్లను మధ్యలో పలకరించడం సూపర్‌వైజరు ఉద్యోగమే కదా అని అవతలివాళ్ల వాదన. జోలికి రావడమంటే ఏమిటో తెలుగింట పుట్టినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కమిటీలో ఉన్న ఐదుగురికీ తెలుసు. కానీ మా ముందున్న రికార్డులో లేదు. సాక్షులెవరూ నోరు విప్పలేదు. ‘ఫిర్యాదు అబద్ధం’ అని నివేదిక రాసి సంతకాలు పెట్టాం. ఆ సంతకాల్లో మూడోది నాది.

రుజువు కాకపోవడం వేరు, అబద్ధం కావడం వేరు. ఆ తేడా 2013 లైంగిక వేధింపుల చట్టం పద్నాలుగో సెక్షన్‌లో విడమరిచి ఉంది: ఫిర్యాదును నిరూపించలేకపోయినంత మాత్రాన ఫిర్యాదు చేసినవాళ్ల మీద చర్య తీసుకోనక్కర్లేదని. నేను ఆ సెక్షన్ చదివింది ఎనిమిది నెలల తర్వాత. అప్పటికి ఆ అమ్మాయి పని మానేసింది.

ఇక చట్టం సంగతి. పనిచేసేచోట లైంగిక వేధింపుల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన విశాఖ తీర్పు 1997 ఆగస్టులో వచ్చింది. (మా శిక్షణల్లో సగంమంది అది మన ఊరి కేసే అనుకుంటారు. ‘విశాఖ’ అనేది జైపూర్‌లోని ఒక స్వచ్ఛంద సంస్థ పేరు. రాజస్థాన్‌లోని భటేరీలో భన్వరీ దేవికి 1992లో జరిగిన అన్యాయం దాని వెనక ఉంది.) ఆ తీర్పు వచ్చిన పదహారేళ్లకు 2013 చట్టం వచ్చింది. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతిచోటా కమిటీ ఉండాలి. పై హోదాలో ఉన్న మహిళ అధ్యక్షురాలు, కనీసం సగంమంది మహిళలు, ఒకరు బయటివాళ్లు. తొంభై రోజుల్లో విచారణ పూర్తికావాలి. సాక్షులను పిలిపించడానికి, కాగితాలు తెప్పించడానికి సివిల్ కోర్టుకు ఉన్న అధికారమే ఈ కమిటీకీ ఉంటుంది. అంటే నిన్న సాయంత్రం దాకా బిల్లింగ్ కౌంటరు చూసుకున్న మేనేజరమ్మ ఇవాళ పొద్దున్నించి న్యాయమూర్తి. పక్కన కూర్చునే బయటి సభ్యురాలికి నిబంధనల్లో రాసిన భత్యం రోజుకు 200 రూపాయలు, దారిఖర్చులు. డబ్బు ఎక్కువ ఇమ్మని అడగడానికి ఇది చెప్పడం లేదు. ఈ కుర్చీని ఎంత తేలికైన పని అనుకున్నారో తెలియడానికి చెబుతున్నాం.

తేలికగా తీసుకుంటే నష్టపోయేది ఒక్క ఫిర్యాదుదారే కాదు. గోవాలో ఒక అధ్యాపకుడి కేసులో కమిటీ ఆయన తప్పు చేశాడని తేల్చింది, ఉద్యోగం తీసేశారు. 2023 మే నెలలో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. విచారణ హడావుడిగా నడిపారు, తన వాదన చెప్పుకోవడానికి ఆయనకు తగిన అవకాశం ఇవ్వలేదు అన్నది కారణం. కథ మళ్లీ మొదటికొచ్చింది. ఫిర్యాదు చేసినవాళ్ల పరిస్థితి ఒక్కసారి ఊహించండి. అదే తీర్పులో, చట్టం వచ్చి ఇన్నేళ్లయినా కమిటీలు సరిగా ఏర్పడలేదని, ఉన్నవాళ్లకు తర్ఫీదు లేదని కోర్టు బాధపడింది, సరిచేయమని ఆదేశాలిచ్చింది. తర్ఫీదు ఎవరివ్వాలి? వాళ్లకు ఎవరు నేర్పాలి? ఆ ప్రశ్న చివరికి విశ్వవిద్యాలయం గుమ్మం ముందుకే వస్తుంది.

లైంగిక వేధింపుల చట్టం ఒక్కటే అయితే ఇంత వినతి రాయనక్కర్లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాలను 21 రకాలుగా గుర్తించింది, ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలంది. 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం ప్రతి సంస్థలోనూ ఒక ఫిర్యాదుల అధికారి ఉండాలంది. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది, యాభై మంది లేదా అంతకు మించి ఉన్నచోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసిరావచ్చు. ఇక 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు స్త్రీలు తమ సమ్మతితో రాత్రి షిఫ్టు చేయవచ్చంటున్నాయి.

ఈ ‘సమ్మతి’ దగ్గరే కాసేపు ఆగాలి. ఒక కంపెనీలో చేరిన రోజున అమ్మాయిలతో సంతకాలు పెట్టించే కాగితాల కట్ట మేము చూశాం. పీఎఫ్ ఫారం, బ్యాంకు ఫారం, యూనిఫాం రసీదు, వాటి మధ్యలో రాత్రి షిఫ్టుకు ఒప్పుకుంటున్నట్టు ఒక కాగితం. పెన్ను గుర్తులున్నచోటల్లా వరసగా సంతకం పెట్టుకుంటూ పోవడమే. దాన్ని సమ్మతి అనాలా? ఆరునెలల తర్వాత పెళ్లయి, లేదా కడుపుతో ఉండి వద్దంటే వెనక్కి తీసుకోవచ్చా? కాదన్న మనిషికి ఓవర్‌టైం తగ్గితే అది శిక్షా కాదా? ఇవి చట్టం పుస్తకంలో దొరికే జవాబులు కావు. అలాగని ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పే జవాబులూ కాకూడదు. కూర్చుని చదివి, నాలుగు ఫ్యాక్టరీల్లో చూసి, పదిమందితో వాదించి తేల్చుకోవలసినవి. పీజీ చదువు అనేది అందుకే కదా ఉంది.

కూలి సంగతీ అంతే. పలాస జీడి ఫ్యాక్టరీల్లో బాయిలర్ దగ్గర, బస్తాలెత్తేచోట మగవాళ్లు కనబడతారు. గింజ కొట్టేచోట, పొర తీసేచోట, గుండు ఒక పక్కకు బద్ద ఒక పక్కకు ఏరేచోట ఆడవాళ్లు. సమాన పనికి సమాన వేతనం అని మొదలుపెడితే ‘పనులే వేరు కదమ్మా’ అని జవాబు సిద్ధంగా ఉంటుంది. కానీ చట్టం అడిగేది పని పేరు కాదు. దానికి కావలసిన నేర్పు, శ్రమ, అనుభవం, బాధ్యత ఒకటేనా అని అడుగుతుంది. పప్పు విరక్కుండా పొర తీయడం నేర్పు కాదా? విరిగితే ధర పడిపోతుందని యజమానికి తెలుసు, అందుకే విరగ్గొట్టినవాళ్లను తిడతాడు. అమ్మేటప్పుడు నేర్పుగా ఉన్నదే కూలి లెక్క దగ్గరికొచ్చేసరికి ‘ఆడవాళ్లకు పుట్టుకతో వచ్చే ఓపిక’ అవుతుంది. ఈ రెండు పనులనూ పక్కపక్కన పెట్టి తూచే పద్ధతులున్నాయి. వాటికి లెక్కలు కావాలి, పని కొలిచే విద్య కావాలి, ఆడవాళ్లతో గంటలకొద్దీ మాట్లాడే ఓర్పు కావాలి. 1987లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన ఒక షిప్పింగ్ కంపెనీ కేసులో స్త్రీ స్టెనోగ్రాఫర్లకు పురుషులకన్నా తక్కువ జీతం. యూనియన్‌తో ఒప్పందం ప్రకారమే ఇస్తున్నాం అని కంపెనీ చెప్పింది, ఎక్కువ ఇచ్చే స్తోమత లేదనీ చెప్పింది. కోర్టు రెండూ ఒప్పుకోలేదు. యూనియన్ కూడా సంతకం పెట్టిన అసమానత అది. మాలో ఉన్న యూనియన్ అక్కలిద్దరూ ఈ కేసు గురించి మొదటిసారి విన్నప్పుడు కాసేపు ఏమీ మాట్లాడలేదు.

రెండేళ్ల కిందట మాలో కొందరు ఒక విశ్వవిద్యాలయానికి ఇలాంటి కోర్సు పెట్టమని రాశారు. ‘ఎంబీయేలో ఒక యూనిట్ ఉంది కదా’ అని జవాబొచ్చింది. ఉంది. వైవిధ్యం వల్ల సంస్థకు లాభాలెలా పెరుగుతాయో ఆ యూనిట్ చెబుతుంది. అది చదివి వచ్చిన పిల్లలు మార్చి 8న ముగ్గుల పోటీ పెడతారు, అందరినీ గులాబీ రంగు బట్టలు వేసుకు రమ్మంటారు, కేకు కోయిస్తారు. వాళ్లను తప్పుపట్టడం లేదు, నేర్పింది అదే. ఒక మందుల ఫ్యాక్టరీకి ఇరవై పేజీల సమాన అవకాశాల విధానం ఉంది, చక్కటి రంగుల్లో అచ్చేశారు. అగ్నిప్రమాదం మాక్ డ్రిల్ రోజున సైరన్ మోగింది, అందరూ బయటికి పరిగెత్తారు. ప్యాకింగ్‌లో వినికిడి లేని కుర్రాడొకడు పదకొండు నిమిషాలు లోపలే ఉన్నాడు. బెల్టు మీద సరుకు రావడం ఆగిపోయిందేమిటా అని వెతుక్కుంటూ బయటికొచ్చాడు. సైరన్‌తో పాటు వెలిగి ఆరే దీపం ఒకటి బిగిస్తే సరిపోయేది. దీనికి కూడా పీజీ కావాలా అని మీరు అడగొచ్చు. ఆ కంపెనీలో ఎంబీయేలు పదిమంది ఉన్నారు. ఒక్కరికీ తట్టలేదు. ఆ కుర్రాణ్ని అడగాలని కూడా తట్టలేదు.

ఇక కులం. బయటి దేశాల నుంచి సిలబస్ తెచ్చి తెలుగు పేరు పెడితే జారిపోయేది ఇదే. బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టం తొమ్మిది లక్షణాల ఆధారంగా వివక్ష చూపకూడదంటుంది. వయసు, వైకల్యం, జాతి, మతం అన్నీ ఉన్నాయి, కులం పేరుపెట్టి లేదు. చేర్చాలని 2013లో పార్లమెంటు దారి వేసినా 2018లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. అమెరికాలో సియాటెల్ నగరం 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను పేరుపెట్టి నిషేధించింది. ఆ నగరంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే మనవాళ్లు ఎందరో. అంత దూరం వెళ్లినా వెంట తీసుకెళ్లింది వదల్లేదన్నమాట. మన దగ్గర ఇంటర్వ్యూలో ‘మీ ఇంటిపేరేంటి? సొంతూరెక్కడ? ఆ ఊళ్లో ఏ వీధి?’ అని మూడు ప్రశ్నలు చాలు. నాలుగోది అడగక్కర్లేదు. ‘మనోళ్లేనా’ అన్న మాట ఏ ఆఫీసు మాన్యువల్‌లోనూ ఉండదు, ప్రతి క్యాంటీన్‌లోనూ వినబడుతుంది. సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే రకం అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి దరఖాస్తులు పంపి చూశారు. ఆ పరిశోధన 2007లో అచ్చయింది. అగ్రవర్ణ పేరుకు వచ్చినన్ని పిలుపులు దళిత పేరుకు, ముస్లిం పేరుకు రాలేదు. అలాంటి పరిశీలన మన ఇంటిపేర్లతో చేయడానికి ఒక విద్యార్థి కావాలి, దారి చూపే గురువు కావాలి, వెనకాడని విభాగం కావాలి.

కాబట్టి మేము అడిగేది ఇది.

వచ్చే విద్యాసంవత్సరం నుంచి కనీసం రెండు రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో, ఒకటి ఉత్తరాంధ్రలో ఒకటి రాయలసీమలో, ఈ పీజీ కోర్సు మొదలుపెట్టండి. మూడేళ్ల డిగ్రీవాళ్లకు రెండేళ్లు, కొత్త విద్యావిధానం కింద నాలుగేళ్ల డిగ్రీ చేసినవాళ్లకు ఏడాది. ఏ విభాగం కింద పెట్టాలన్నదాని మీద మాలో మాకే పెద్ద తగువు నడిచింది. హెచ్‌.ఆర్‌. వాళ్లు మేనేజ్‌మెంట్ అన్నారు, మాలో ఉన్న ఒక లాయరుగారు లా కాలేజీ అన్నారు. మేనేజ్‌మెంట్‌కు అప్పగిస్తే మళ్లీ ముగ్గుల పోటీ దగ్గరికే వస్తుందని నా భయం. లాకు అప్పగిస్తే సెక్షన్లు వస్తాయి, మనుషులు రారు. సోషల్ వర్క్ విభాగం ఇల్లుగా, న్యాయశాస్త్రం, అర్థశాస్త్రం, మేనేజ్‌మెంట్ వచ్చి పాఠం చెప్పే చుట్టాలుగా ఉంటే బాగుంటుందని చివరికి ఒప్పుకున్నాం.

తెలుగు విషయంలో మాత్రం తగువు లేదు. పాఠం, పరీక్ష, పరిశోధన వ్యాసం తెలుగులో చేసుకునే వీలు ఉండాలి. ఇది భాషాభిమానం కోసం అడగడం లేదు. ఫిర్యాదు తెలుగులో పుడుతుంది. ‘వెకిలిగా మాట్లాడాడు’, ‘చేయి వేశాడు’, ‘వెంటపడ్డాడు’, ‘అదోలా చూశాడు’, ‘ఇబ్బంది పెట్టాడు’ అన్న మాటల్లో ఒక్కోదాని బరువు ఒక్కోలా ఉంటుంది. శ్రీకాకుళంలో ఉన్న బరువు చిత్తూరులో ఉండకపోవచ్చు. ఈ మాటలను పోగుచేసి, అర్థాలతో, ఏ సందర్భంలో ఎలా నమోదు చేయాలో చెప్పే నిఘంటువు ఒకటి ఈ కోర్సు మొదటి రెండు బ్యాచ్‌ల విద్యార్థులతోనే తయారుచేయించండి. కుల దూషణకు, వైకల్యాన్ని ఎత్తిపొడవడానికి వాడే మాటలు కూడా అందులో చేరాలి. మా రొయ్యల ఫ్యాక్టరీ కమిటీ దగ్గర అలాంటి పుస్తకం ఒకటి ఉండి ఉంటే నేను ఈ కాగితం ఇంకోలా రాసేదాన్ని.

సీట్లలో మూడోవంతు పనిలో ఉన్నవాళ్లకు ఇవ్వండి. ప్రవేశ పరీక్షలో నిన్నమొన్న డిగ్రీ అయిన పిల్లలతో పోటీపడి మార్కులు తెచ్చుకోవడం పదిహేనేళ్లు కుట్టుమిషను మీద పనిచేసి దూరవిద్యలో బీఏ పూర్తిచేసిన మనిషికి కష్టం. వాళ్లకు అనుభవాన్ని లెక్కలోకి తీసుకోవాలి. వాళ్ల కోసం తరగతులు సాయంత్రాలు, ఆదివారాలు ఉండాలి. ఫీజు మామూలు ఎంఏ ఫీజు దాటకూడదు. స్వయంపోషక కోర్సు అని పేరుపెట్టి కంపెనీలు పంపించేవాళ్లు మాత్రమే కట్టగలిగినంత ఫీజు పెడితే ఈ వినతిని వెనక్కి తీసుకుంటాం.

ఒక సెమిస్టరు పూర్తిగా పనిచోట్ల గడవాలి. పలాస జీడి ఫ్యాక్టరీలు, గుంటూరులో మిర్చి తొడిమలు తీసే షెడ్లు, అచ్యుతాపురం సెజ్, శ్రీసిటీ, ఏదైనా పెద్ద ఆస్పత్రిలో కాంట్రాక్టు పారిశుధ్య సిబ్బంది డ్యూటీ మారే వేళ. పదిమందికన్నా తక్కువ పనిచేసేచోట్ల వాళ్లు, ఇళ్లల్లో పనిచేసేవాళ్లు వెళ్లవలసినది జిల్లా స్థానిక కమిటీకి. దాని ఆఫీసు ఎక్కడుందో కనుక్కుని, అక్కడికి ఒక పనిమనిషి బస్సెక్కి ఎలా చేరుకోగలదో రాసుకురావడం మొదటి వారం హోంవర్కుగా పెట్టినా చాలు.

పాఠం చెప్పేవాళ్లు దొరకరన్న అభ్యంతరం వస్తుందని తెలుసు. దారి ఉంది. పదిహేనేళ్ల అనుభవం ఉన్నవాళ్లను డిగ్రీలతో నిమిత్తం లేకుండా ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’గా తీసుకోవచ్చని యూజీసీ 2022లోనే మార్గదర్శకాలిచ్చింది. రిటైరైన లేబర్ ఆఫీసర్లు, యూనియన్‌లో తలపండినవాళ్లు, చట్టాల పేర్లు నోటికి రాకపోయినా వంద తగువులు తీర్చిన మహిళా సంఘాల నాయకురాళ్లు ఈ మార్గదర్శకాల కింద సరిపోతారు.

చదివినవాళ్లకు ఉద్యోగాలేవి అని మీ ఫైలు మీద ఎవరో ఒకరు రాస్తారు. మార్కెట్ విలువలో ముందున్న వెయ్యి లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి సెబీకి ఏటా ఇచ్చే నివేదికలో స్త్రీ పురుషుల వేతనాలు, వికలాంగ ఉద్యోగుల సంఖ్య, వేధింపుల ఫిర్యాదుల లెక్క చూపించాలి. ఆ లెక్కలు వేయడానికి, అవి నిజమో కాదో చూడడానికి మనుషులు కావాలి. జిల్లా కమిటీల నియామకాల్లో ఈ పట్టా ఉన్నవాళ్లకు ప్రాధాన్యం ఇమ్మని మండలి ప్రభుత్వానికి సిఫారసు చేయాలని కూడా కోరుతున్నాం. ప్రాధాన్యం మాత్రమే. పట్టా లేనివాళ్లు కమిటీలో కూర్చోకూడదనే రోజు రాకూడదు. అలా వస్తే ముందు బయటికి వెళ్లవలసినవాళ్లం మేమే.

చివరగా, కోర్సు పెట్టే విశ్వవిద్యాలయం తన ఇంటి లెక్క తాను ముందు చెప్పాలి. యూజీసీ 2015 నిబంధనల ప్రకారం తన కమిటీ ఎప్పుడు ఏర్పడింది, ఎన్ని ఫిర్యాదులొచ్చాయి, ఎన్ని రోజుల్లో తేలాయి, హాస్టల్ వంటమనుషులకు, కాంట్రాక్టు స్వీపర్లకు ఆ కమిటీ ఉన్నట్టు తెలుసా, ఇవన్నీ ఏటా నోటీసు బోర్డులో తెలుగులో పెట్టాలి. పెట్టలేని విశ్వవిద్యాలయానికి ఈ కోర్సు ఇవ్వకండి.

ఫిర్యాదు కాగితం నకలు, పేర్లు, గుర్తులు కొట్టేసి, దాని ఇంగ్లీషు ఫారంతో కలిపి జతచేస్తున్నాం. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవమని మనవి. మాట్లాడడానికి పిలిస్తే ఐదుగురం వస్తాం. సాయంత్రం ఆరు దాటాక గానీ ఆదివారం గానీ పిలవండి. మాలో ముగ్గురు ‘ఏ’ షిఫ్టు, సెలవు పెడితే రోజు జీతం పోతుంది.

ఇట్లు,
వినతిదారుల తరఫున,
కన్వీనర్